వణకని చేతులు

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. అమ్మను పొట్టనపెట్టుకున్న జబ్బే నాకూ ఉందని తేలగానే, ల్యాబ్ మానేసి నీ ఇంట్లో మంచమెక్కమంటావా? "ఈగలు తోలుకునే ఉద్యోగమేగా" అన్నారట బావగారు. అవును, ఈగలే. అమ్మ జన్యువులో ఉన్న లోపమే ఈ పండ్ల ఈగల్లోనూ పెట్టాం. సీసా తట్టగానే మంచి ఈగలు పైకి పాకుతాయి. ఇవి సగంలోనే జారిపడతాయి, తోటి ఈగలకంటే ముందే చచ్చిపోతాయి. కొత్త మందు పెట్టిన సీసాలో నిన్న ఒకటి మూతదాకా ఎక్కింది. ఒక్కటంటే ఒక్కటే! అయినా కేకపెట్టాను.

నా చేతులు వణుకుతున్నాయి, నిజమే. మొన్న సీసా జారి ఈగలు గదంతా ముసిరాయి. నీకు ఆ జబ్బు లేదని తేలిందిగా, నీ చేతులు వణకవు. నన్ను తీసుకెళ్లడానికైతే రావద్దు. సీసాలు తట్టడానికైతే రేపే రా.

నీ మొండిఘటం చెల్లి