వేలెడు దూరం

చిక్కబళ్ళాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

నా పురుషోత్తమ్‌కు,

ఫోన్ చేస్తే ఎత్తుతావేమోనని భయం, ఎత్తవేమోనని ఇంకా భయం. మెసేజ్ మూడుసార్లు రాసి చెరిపేశాను. అందుకే కాగితం తీసుకున్నాను.

మన కత్తి క్లాసులో ఇప్పుడు నేనొక్కడినే. కల్యాణమండపం మేడ మీది హాలు అదే, చాపలు అవే. శ్రీనివాసమూర్తి మేష్ట్రు ఏడింటికల్లా వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంటారు. జపాన్ కంపెనీ పనిమీద అక్కడున్న రోజుల్లో నేర్చుకున్న విద్య తనతోనే పోకూడదని ఆయన పట్టుదల. ఒరలోంచి కత్తి దూయడం, ఎదుట లేని శత్రువును నరకడం, మళ్ళీ ఒరలో పెట్టడం. ఐదేళ్ళుగా చేస్తున్నదే. ఈ రోజు నా చేయి పిడి మీదే ఆగిపోయింది.

"ఏమప్పా నందీశ్, ఎందుకు దుయ్యలేదు? ఎదురుగా మనిషి ఉండాడనుకో. వాని కండ్లల్లోకి చూడు," అన్నారు మేష్ట్రు.

చూశాను. నువ్వే ఉన్నావు. నాలుగు నెలలుగా ప్రతిసారీ నువ్వే ఉంటున్నావు.

పురుషోత్తమ్, ఆ దెబ్బ పొరపాటు కాదు.

ఆ రోజు కొయ్యకత్తులతో జోడీగా సాధన చేస్తున్నాం. నీ మణికట్టుకు వేలెడు దూరంలో నేను ఆపాలి. వందలసార్లు ఆపాను. ఆ రోజు ఆపలేదు. అంతకు కాసేపటి ముందే మేష్ట్రు, "మైసూరులో కత్తి పరీక్షకు ఈసారి పురుషోత్తమ్ ఒకడే పోతాడు," అన్నారు. అసూయే, కాదనను. దాని అడుగున ఇంకొకటి ఉంది. పరీక్ష నెగ్గితే నువ్వు బెంగళూరులోని పెద్ద కత్తి క్లబ్బుకు పోతావు. వారమంతా తాలూకు ఆఫీసులో నేను 'రికార్డు రూము ఆయన'ను. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. ఆదివారం నువ్వు చింతామణి బస్సు దిగి, "ఏం నందీ, తింటివా?" అంటే నా వారమంతటికీ అదొక్కటే పలకరింపు. అది పోతుందన్న భయంతో కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినగానే "జారింది, జారింది" అని అరిచిందీ నేనే.

నువ్వు దర్జీవి. కత్తెర పట్టే చేయి అది. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదని మీ వీధి అతనెవరో బస్సులో చెబుతుంటే విన్నాను. ఒకసారి మీ గుమ్మం దాకా వచ్చాను. లోపల మిషను చప్పుడు లేదు. తిరిగి బస్సెక్కాను.

క్లాసు మానేస్తున్నాను. బాగేపల్లికి బదిలీ అడిగాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. నీకు నిజం తెలియాలి, అంతే.

నీ స్నేహితుడినని రాసుకోలేని
నందీశ్

చింతామణి,
గురువారం.

నందీకి,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతాయి, ఓపిగ్గా చదువు.

అది పొరపాటు కాదని నాకు ఆ రోజే తెలుసు. ఐదేళ్ళు నీ ఎదురుగా నిలబడినవాణ్ణి, నీ భుజం ఆగుతుందో ఆగదో తెలియదా? ఆస్పత్రిలో మేష్ట్రు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "నిజం చెప్పప్పా, వాడు కావాలనే కొట్టినాడా?" "లేదు సార్, నా చెయ్యే ముందుకు పోయింది," అన్నాను. నిన్ను క్లాసులోంచి పంపేస్తే ఆదివారాలు నువ్వేం చేసుకుంటావోనని భయమేసింది.

కోపం రాలేదని అనుకోకు. పండక్కి కుట్టాల్సిన రవికెలన్నీ వెనక్కి పంపినప్పుడు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు గుడ్డ కత్తిరించేది మా ఆవిడ చైత్ర. నేను పక్కన కూర్చుని కొలతలు చెబుతాను. కానీ నందీ, కట్టుతో ఉన్న ఏడు వారాలూ ప్రతి ఆదివారం నువ్వొస్తావని చైత్ర చేత ఇంకో మనిషికి సరిపడా రాగిముద్ద కెలికించాను. చేయి విరగ్గొట్టినదానికన్నా, గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయావని ఈ ఉత్తరంలో చదివినప్పుడు ఎక్కువ ఏడ్చాను.

నేనిక కత్తి పట్టలేను. నువ్వు మానేస్తే మేష్ట్రు ఖాళీ హాల్లో ఒక్కరే కూర్చుంటారు. మానకు. ఆయనకు నిజం నువ్వే చెప్పు.

క్షమించానని రాయడం నా వల్ల కావడం లేదు. ఎప్పటికి అవుతుందో తెలియదు. అయినా వచ్చే ఆదివారం క్లాసు కాగానే రా. చైత్ర, "ఆయప్ప రానీ, నేనడగాల్సింది అడగతా, మీరు మధ్యలో మాట్లాడొద్దండి," అంటాండాది. అడగనీ. ఈసారి లోపలికి రా.

పురుషోత్తమ్