గీత దాటిన చేతులు

అక్కా,

పేపర్లో నా గురించి చదివి కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉన్నాను.

నిన్నటి బాస్కెట్‌బాల్ ఫైనల్లో మేం ఒక్క పాయింటు ముందున్నాం, పది సెకన్లే మిగిలాయి. మా పిల్ల ఒకతి విసిరిన పాసు నేను నిలబడ్డ కోర్టు పక్క గీత వైపు వచ్చింది. పాయింట్ గార్డుగా పదిహేనేళ్లు బంతి అందుకున్న చేతులాయె, ఇప్పుడు కోచ్‌నన్న సంగతే మరిచిపోయి, లోపలికి చాచి పట్టేశాను. తలెత్తితే, దాన్ని అందుకోవాల్సిన పిల్ల ఎదురుగా చేతులు చాపుకుని నిలబడి ఉంది. ఆట నడుస్తుండగా కోచ్ బంతి ముట్టుకున్నందుకు రిఫరీ అవతలి జట్టుకి ఫ్రీ త్రోతో పాటు బంతి కూడా ఇచ్చాడు. వాళ్లు రెండూ బుట్టలో వేశారు, రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

బస్సు దిగేటప్పుడు ఆ పిల్ల, "నాకు అందేదే సార్," అంది.

బావ కంటి ఆపరేషన్ ఎప్పుడో రాయి. వచ్చి దగ్గరుంటాను, ఇక్కడ నాకిక పని ఉండకపోవచ్చు. మోకాలి పట్టీ మీ ఇంట్లోనే మరిచిపోయాను, తీసిపెట్టు. మీ గోడకున్న నా పాత బాస్కెట్‌బాల్ రింగు పీకించొద్దు.

నీ చిన్నదానికి నా ఆశీస్సులు. అది ఆడతానంటే ఆడనివ్వు. చూడటానికి నేనొస్తే మాత్రం నన్ను గీత దగ్గర నిలబడనివ్వకు.

నీ తమ్ముడు