మీ అవ్వ గదువ మీది పచ్చబొట్లు

మనుమరాలు యమునకు తాత రాసేది,

నువ్వు కరీంనగర్ల స్టూడియో పెట్టినంక శానా పెద్దదానివైనవ్. ఫోన్ల తిడితే నవ్వుతున్నవ్, అందుకే మర్యాదగ కాయితం మీద తిడుతున్న.

మీ అవ్వ సారవ్వ పోయినంక మనకు మిగిలింది ఒక్కటే ఫోటో. మన ఖని టౌన్ల నల్లా నీళ్ల కోసం బిందె పట్టుకొని ధర్నాల కూసున్ననాడు పేపర్ల పడ్డది. పేపరు ఫోటో గదా, మొఖం నిండ సన్న సన్న అచ్చు చుక్కలున్నయి, అవి తీసి పెద్దగ చెయ్యమని నీకిచ్చిన. చేసినవ్. మొఖం సబ్బుబిళ్ల లెక్క నున్నగైంది. కని గదువ మీది మూడు పచ్చబొట్లు గూడ పోయినయి గదనే! చిన్నప్పుడు ఏడ్సుకుంట పొడిపిచ్చుకున్నయవి. అడిగితే "తీస్తే అన్ని చుక్కలు పోతయి తాతా, కంప్యూటరుకు ఏం తెలుస్తది" అన్నవ్.

మీ నాయినేమో "గిదే మంచిగున్నది, ఫ్రేము కట్టిద్దాం" అంటుండు. వాడు అద్దంల తన మొఖమే సరిగ సూసుకోడు, తల్లి మొఖం ఏం యాదుంటది? నేను మాత్రం ఒప్పుకోను. సంవత్సరీకం నాడు గా నున్నటామెకు దండేస్తే పరాయి ఆడామెకు ఏసినట్టే. సారవ్వ నన్ను ఊకెనే ఇడుస్తదా?

అచ్చు చుక్కలు ఒక్కటి గూడ తియ్యకుండ, అట్లనే పెద్దగ చేసి పంపు. దగ్గరికి పోతెనే చుక్కలు కనవడ్తయి. నాలుగడుగులు ఎనుకకు జరిగితే పచ్చబొట్లతోని ఆమె మొఖమే కనవడ్తది. మీ అవ్వ కోపమొచ్చినప్పుడల్ల నన్ను గంత దూరంలనే నిలవెట్టేది. నాకు అలవాటే.

మీ తాత