కవిగారి ఇంటామె

జూన్ 2, ఆళ్లగడ్డ
పొద్దున్నే నాటకం రాసి ముగించినా. మన సీమ మహాకవి ఒకాయన, ఆయప్ప పెండ్లాం, ఆయప్ప మనసు పారేసుకున్న ఒక నర్తకి, ఒక శిష్యురాలు. పద్యాలు అందరికీ నోటికొస్తాయి, ఆ ఆడోళ్ల పేర్లు ఒక్కరికీ రావు. నంద్యాలలో ఆడేదాకా దీంట్లోంచి ఒక్క మాట కూడా కొయ్యను. ఒట్టు.

జూన్ 9
కవి వేషం ఎరువుల అంగడి గిరీశ్‌ది. గొంతు బాగుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పెండ్లాం వేషం మా వీధి అనసూయక్కది. బట్టలు కుడతాది. మొగుడు ఇంకొకామెతో సున్నిపెంటలో కాపురం.
"ఏడ్చేది నాకు నేర్పాల్సిన పనిలేదులే ఉషా" అనింది.

జూన్ 17
రిహార్సల్‌కు గిరీశ్ భార్య వినీత వచ్చి ముందర కుర్చీలో కూచునింది.
"చెయ్యి పట్టుకోకుండా ప్రేమించలేడా మీ కవి?"
సరే. స్టేజీకి కవి ఆ కొసన, నర్తకి ఈ కొసన. ప్రేమ మాదిరి లేదు, కోర్టు వాయిదా మాదిరుంది. అయినా ఇది కోత కాదు, సర్దుబాటు.

జూన్ 24
హాలు ఖర్చు పెట్టుకునేది ఉమామహేశ్వరరావు మామ. నంద్యాలలో బంగారు అంగడి. స్క్రిప్టు చదివినాడు.
"ఏందమ్మా ఇది? అంత పెద్దాయనకు ఇంతమందా?"
"నిజమే కదా మామా."
"నిజమైతే మాత్రం? కుటుంబాలతో వస్తారు."
నర్తకి పోయింది. నాటకం బిగువైంది. నాకూ ముందునుంచి అదే అనిపిస్తాండె.

జూలై 1
శిష్యురాలు ఇప్పుడు సరస్వతీదేవి. కలలో వచ్చి దీవించి పోతాది. మామకు చానా నచ్చింది.
"మరి నేను ఎవరిని చూసి ఏడ్చాల? సరస్వతినా?" అని అక్క అడిగింది.
టీ తెప్పించినా. ఏడుపు కూడా తీసేసినా. అక్క ఇప్పుడు కవికి హారతి ఇస్తాది.

జూలై 8, నంద్యాల
హాలు నిండింది. ఆఖర్న అక్క హారతి పళ్లెం తెచ్చి, కవి ముందర నిలబడి, దాన్ని కింద పెట్టేసింది.
"ఇన్ని పద్యాలు రాసినావు. నేను యాడుండాను వాటిలో?"
నేను రాసిన మాట కాదు. ముందు వరుసలో వినీత చప్పట్లు మొదలుపెట్టింది. తక్కిన ఆడోళ్లు అందుకున్నారు. తెర వెనక నేను ఆ మాట స్క్రిప్టులో రాసుకున్నా.

జూలై 9
ఆళ్లగడ్డ బస్సు. అక్క దారి పొడుగునా ఆ కవి ఇంటామె ఏమేమి అడిగుంటాదో చెప్తానే ఉంది. నాటకం మొదటినుంచి మళ్లా రాస్తా. ఈసారి ఒక్క మాట కొయ్యను.
ఇంతలో మామ ఫోన్.
"కర్నూలులో కూడా ఆడదామమ్మా. ఆ ఆఖరి మాట మాత్రం ఆయమ్మను కొంచెం నవ్వుతా చెప్పమను."
సరే మామా అనబోయి, ఫోన్ అక్క చేతికిచ్చినా.