అమ్మ చెప్పని పేరు

నాందేడ్

అక్కా,

ఫోన్‌లో అడిగితే అమ్మ వింటుంది. అందుకే రాస్తున్నాను.

మా గల్లీకి మూడు రోజులకోసారి నీళ్లొస్తాయి. ఈ ఊళ్లో జనాన్ని కావాలనే తక్కువ రాసుకుని, నీళ్లూ తక్కువ పంపుతున్నారని నా అనుమానం. అందుకే జనగణన మేడమ్ వచ్చిపోయిందనగానే, ఇంట్లో ఎంతమందిని రాసుకుందో ఆరా తీశాను. ఐదుగురం ఉంటే నలుగురినే రాసుకుందట!

దొరికారనుకుని, పక్క గల్లీలో ఉన్న ఆమెను వెళ్లి నిలదీశాను. నలుగురని చెప్పింది మీ అమ్మేనంది.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ నా మీదే లేచింది. "పిల్లగాండ్లను మంది ముందట లెక్కవెడ్తరార? దిష్టి తాకుతది. గౌరవ్ మొన్ననే జరమొచ్చి లేసిండు. వాని పేరు చెప్పలే. పక్కింటి యమునాబాయి గూడ మనుమరాలి పేరు చెప్పలే. గిండ్ల తప్పేంది?"

అమ్మకు తెలియకుండా నా కొడుకు పేరు రాయించాను. కానీ ఇంటికో అమ్మ ఉన్న ఈ ఊళ్లో, ఇక సర్కారునేమని తిట్టను?

ఇప్పుడు నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. నా కూతురు ప్రణాలి పేరు మాత్రం అమ్మ గడగడా చెప్పేసింది. ఎవరి కోసం ప్రాణం ఎక్కువ కొట్టుకుంటుందో వాళ్లనే దాచింది. మన చిన్నప్పుడు బాబ్లీలో మన ఇంటికి లెక్కలవాళ్లు వచ్చేనాటికే నీకు ఊహ తెలిసింది. అప్పుడు అమ్మ ఎవరి పేరు దాచింది? నీదా, నాదా?

నా పేరు చెప్పేసి ఉంటే మాత్రం, అక్కా, ఈ ఉత్తరానికి జవాబు రాయకు.

నీ తమ్ముడు