డైరెక్ట్ చేసిన మూడు వార్మర్లు

4 జూన్ 2007, సోమవారం

రాయొద్దనే అనుకున్న. ఈ డైరీ మందుల ఏజెన్సీ వాళ్లు జనవరిల ఇచ్చిండ్రు. ఐదు నెలలు టేబుల్ కాలు కింద ఎత్తుకు పెట్టిన. ఇయ్యాల తీసిన. టేబుల్ ఊగుతున్నది. ఊగనీ.

వనపర్తి పోయి వచ్చిన. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీల కొత్త డిగ్రీ పెడుతున్నరు... దవాఖాన మిషన్లు తయారు చేసుడు, బాగు చేసుడు, నాలుగేండ్ల చదువు. బయోమెడికల్ ఇంజనీరింగ్ అంటరు. దాన్ని నిలబెట్టే బరువంత వసుంధర మేడం మీద. రెండు నెలల కింద నా రిపేరు దుకాణం వెతుక్కుంట గద్వాలకు వచ్చింది. మిషన్ ఎట్ల నడుస్తదో పుస్తకాలల్ల ఉన్నది తాతా, మన దిక్కు ఎట్ల ఖరాబైతదో లేదు, అది మీరే చెప్పాలె అన్నది. ఏడో తరగతి తప్పినోణ్ని. డిగ్రీకి పాఠం చెప్పే యోగం! ఉబ్బిపోయిన. ముప్పై ఏండ్ల రిపేరు నోటుబుక్కులు సంచిల ఏసుకొని వారం వారం పోతున్న.

ఇయ్యాల నేను చదువుతుంటే ఆమె రాసుకుంటున్నది. 'బేబీ వార్మర్, కటాఫ్ పోయింది, డైరెక్ట్ చేసిన' అని చదివిన. డైరెక్ట్ అంటే ఏందని అడిగింది. గర్వంగనే చెప్పిన. పుట్టిన పిల్లల్ని వెచ్చగ పండవెట్టే మిషన్ల, వేడి మితి మీరితే కరెంటు తెంపే చిన్న బిళ్ల ఉంటది. అదే కటాఫ్. అది పోతే కొత్తది హైదరాబాద్ నుంచి రావాలె. అప్పటిదాక మిషన్ ఆగొద్దు కద. బిళ్లను తప్పించి రెండు వైర్లు కలిపేస్త. మా పనిల అందరం గదే చేస్తం.

ఆమె పెన్ను కింద పెట్టింది.

"మరి వేడి పెరిగితే ఆపేది ఎవరు?"

"నర్సమ్మ."

"నర్సమ్మ ఇంకో బిడ్డ దగ్గరికి పోతే?"

ముప్పై ఏండ్లల్ల ఎవరూ అడగలే. నన్ను నేను గూడ అడుగుకోలే.

5 జూన్

నోటుబుక్కులన్నీ తిరగేసిన. నాకో అలవాటు... డైరెక్ట్ చేసిన లైనుకు, తర్వాత కొత్త కటాఫ్ ఏసినంక సున్నా చుడుత. వార్మర్లు పదకొండు. ఎనిమిదింటికి సున్నా ఉన్నది. మూడింటికి లేదు. గద్వాల ఒకటి, వనపర్తి ఒకటి, నాగర్‌కర్నూల్ ఒకటి.

ఏసి, చుట్టుడు మరిచిన్నా? అసలు ఏయనే లేదా? ఎంత గుంజినా యాదికి వస్తలేదు.

6 జూన్

అన్నం సయిస్తలేదు. షుగరేమో, దవాఖానకు పోదాం పా అంటది మా ఆమె. పోతున్న, అన్న. మూడు దవాఖానలకు.

7 జూన్

గద్వాలది దొరికింది. కోట దిక్కు కాన్పుల దవాఖాన, సామాన్ల గదిల, ఇరిగిన మంచాల నడుమ. దాని మీద తడి చీరలు ఆరేసి ఉన్నయి. ఆయమ్మ సాయమ్మ నవ్వింది. "అది సచ్చి రెండేండ్లాయె సారూ, ఇప్పుడొచ్చినవా మందు పెట్టనీకె?" పెట్టె విప్పిన. నా వైరే. ఎర్రది. డైరెక్ట్ చేస్తే ఎర్ర వైరే వాడుత, మళ్ల నాకే గుర్తుండాలెనని. కత్తిరించి జేబుల ఏసుకున్న. నిజమే, ఏయలేదు. మరిచింది సున్నా కాదు.

సచ్చేదాక ఎన్నేండ్లు నడిచిందని అడిగిన. మూడో నాలుగో అన్నది. మంచిగ నడిచిందా? మంచిగనే నడిచింది అన్నది.

అసలు భయం గక్కడనే ఉన్నది. డైరెక్ట్ చేసిన మిషన్ మంచిగ నడుస్తది. ఏండ్లు నడుస్తది. బిడ్డ కడుపు మీద అంటించిన సెన్సార్ ఊడి పక్కకు పడ్డ రోజు, బిడ్డ సల్లబడ్డదనుకొని వేడి పెంచుకుంట పోతది. తెంపే బిళ్ల ఉండదు. నేను తప్పించిన కద.

9 జూన్

దుకాణం తెరువలే. ఊకె కూసుంటే పాత సంగతులు. నేను ఇంగ్లీషు నేర్చింది రేడియో పెట్టెల అడుగున మడిచి పెట్టే కాగితాల నుంచి. మా నాయన మగ్గం మీద ఉంటే నేను మగ్గం కింది గుంతల కాళ్లు పెట్టుకొని పక్కన చదివేటోణ్ని... ఒక్కో మాటకు డిక్షనరీ. ఒక కాగితానికి ఒక నెల. ప్రతి కాగితంల మొదటి పేరా ఎప్పుడూ ఒక్కటే రకం: జాగ్రత్త, అపాయం, ముట్టొద్దు. అందుల కొత్త మాటలేం లేవని దాన్ని దాటేసి రెండో పేరా నుంచి చదివేటోణ్ని.

ముప్పై ఏండ్లు రెండో పేరా నుంచే బతికిన.

12 జూన్

వనపర్తి. బీచుపల్లి బ్రిడ్జి మీద బస్సుల అందరు కృష్ణలకు రూపాయి బిళ్లలు ఏస్తుంటే నేను గూడ ఏసిన. నీళ్లు లేవు. రాళ్ల మీద పడ్డది. లెక్కకు వస్తదో రాదో.

దవాఖానల డాక్టరమ్మ ముందల పెట్టె విప్పిన. నా ఎర్ర వైరు లేదు. సంబరపడ్డ, ఒక్క నిమిషం. దాని జాగల నల్ల వైరున్నది. నా తర్వాత ఎవడో కటాఫ్ ఏసిండు, ఆ తర్వాత ఇంకెవడో దాన్ని గూడ డైరెక్ట్ చేసిండు. నేనొక్కణ్నే కాదన్న మాట... ఎందుకో ధైర్యం రాలే, ఉన్నది గూడ పోయింది. సంచిల తెచ్చిన కొత్తది ఏసిన. అది లెక్క ప్రకారం పనిచేస్తదని వేడి ఎక్కిచ్చి చూపిన. టక్కుమని తెంపింది. డాక్టరమ్మ చేతులు కట్టుకొని చూసింది, చాయ్ గూడ తెప్పియ్యలే.

13 జూన్

డాక్టరమ్మ ఫోన్. కోపం మీద ఉన్నది. మంచిగ నడిచేదాన్ని వచ్చి ముట్టుకున్నవు, పొద్దటి సంది నాలుగుసార్లు ఆగిందన్నది.

ఆగుతున్నదంటే వేడి మీరుతున్నదని. అంటే ఇన్ని రోజులు గూడ మీరుతుండె, ఆపేది లేక తెల్వలే. దాన్ని వాడకుండ్రి అని బతిమిలాడిన. పిల్లలకెవరికన్న ఏమన్న అయిందా అమ్మా అని అడిగిన.

డాక్టరమ్మ గొంతు తగ్గిచ్చింది.

"ఒకరిద్దరికి ఒళ్లు ఎర్రగైంది. ఎండకాలం కద అనుకున్నం."

15 జూన్

నాగర్‌కర్నూల్. నర్సింగ్ హోమ్ లేదు. డాక్టరు పట్నం పోయిండు, ఆ మడిగెల పత్తి విత్తనాలు అమ్ముతున్నరు. వార్మర్ పెట్టిన జాగల విత్తన సంచుల వరుస. సేటు మంచోడు, కుర్చీ ఏసిండు. సామాన్లన్ని ఒక ఆర్‌ఎంపీ కొన్నడు, మీ గద్వాల దిక్కు మనిషే, ఊరు గట్టు అన్నడో ఇంకేం అన్నడో, డీసీఎం వ్యాన్ల ఏసుకపోయిండు అన్నడు. వార్మర్ నడుస్తుండెనా? "నడువకుంటే ఎందుకు కొంటడు తాతా?"

తిరుగు బస్సుల బిజినేపల్లి దాటినంక పక్క సీట్ల పసిపిల్ల ఏడ్సింది. దిగిపోదామనిపించింది.

18 జూన్

ఇరవై తారీఖు యూనివర్సిటీ కమిటీ వస్తున్నది. కోర్సుకు పర్మిషన్ ఇచ్చేది వాళ్లే. వసుంధర మేడం పట్టుబట్టి డైరెక్ట్ చేసుడు సంగతే మొదటి ప్రాక్టికల్ పాఠం చేసింది. నేను దానికి సాక్షిని. కాలేజీ కరస్పాండెంట్ నన్ను పక్కకు పిలిచిండు. భుజం మీద చెయ్యేసిండు, బరువుగనే ఏసిండు.

"పెద్దాయనా, గిట్ల చెప్తే దవాఖానలోళ్లు మన పిల్లల్ని ట్రైనింగుకు రానియ్యరు. కోర్సు రాదు. నువ్వు కేసుల పడతవ్. రేడియోలు ఎట్ల బాగు చేసినవో చెప్పు, నవ్వుతరు, పోతరు."

రేడియో ముచ్చట్లు నాకు శానా ఉన్నయి. ఒకటి నవాబుగారి... వద్దు. జైలంటే భయం. ఇంత వయసుల కింద కూసుంటే లేవరాదు.

19 జూన్

మందుల దుకాణంల అడుగంగ అడుగంగ గట్టు ఆర్‌ఎంపీ పేరు దొరికింది. ఫోన్ ఎత్తుతలేడు. రేపు గట్టుకు పోవాలె. రేపే కమిటీ. మేడంకు మాటిచ్చిన. గట్టుకు ఒక్క రోజు ఆలస్యమే కద, అనుకున్న. అనుకున్నంక నాకే ఇనిపించింది... 'స్పేరు వచ్చేదాకనే కద' అని ప్రతిసారి ఇదే గొంతుతోని అనేటోణ్ని.

20 జూన్

వనపర్తికే పోయిన. అంగీ ఇస్త్రీ చేసిచ్చింది మా ఆమె. కమిటీల నలుగురు. అందుల తెల్ల గడ్డమాయన తెలుగాయనే. ఇన్నేండ్లల్ల అందరికంటె ఆలస్యంగ నేర్చిందేంది అని అడిగిండు. కరస్పాండెంట్ నా దిక్కు చూసి నవ్విండు. రేడియో కథ నాలుక దాక వచ్చింది.

చెప్పిన. పదకొండు, ఎనిమిది, మూడు. వనపర్తి పేరు చెప్పలే, దవాఖాన పేరు చెప్పలే, పిల్లల ఒళ్లు ఎర్రగైందని చెప్పిన. ఒకటి ఇంక ఎక్కడుందో తెల్వదన్న. గడ్డమాయన రాసుకుంటున్నోడు ఆపిండు.

"మరి ఇక్కడెందుకు కూసున్నవయ్యా?"

మేడం కండ్లు దించింది. కరస్పాండెంట్ కాగితాలు సర్దిండు. పర్మిషన్ ఉత్తరం నెలకు వస్తదట, వస్తే. నేను లేసిన. గట్టు ఆఖరి బస్సు అప్పటికే పోయింది.

21 జూన్

గట్టు. క్లినిక్కుకు తాళం. రాయచూరుల పెండ్లికి పోయిండట, రేపు రాత్రికి వస్తడట. కిటికీల నుంచి చూసిన. కనవడ్డది. అదే, నీలం స్టాండు. స్విచ్చు ఆపి ఉన్నది, మీద బట్ట కప్పి ఉన్నది. కండ్లల్ల నీళ్లొచ్చినయి, మిషన్‌ను చూసి.

తాళం పగులగొడ్దామా అన్న ఆలోచన గూడ వచ్చింది. పక్కింటామె అరుగు మీద కూసొని నన్నే చూస్తున్నది. చీటీ రాసిన, పెద్ద అక్షరాలు: 'వార్మర్ వాడొద్దు. ప్రమాదం. 23 పొద్దుగల నేనొచ్చి బాగు చేస్త. పైసలొద్దు.' తలుపు కింద నుంచి తోసిన.

22 జూన్

మేడం ఫోన్ చేసింది. పర్మిషన్ సంగతి ఏం తెల్వదన్నది. దొరికిందా తాతా అని అడిగింది. దొరికింది అన్న. కటాఫ్ ఏసిండ్రా అన్నది. రేపు.

రేపు అనంగనే కటాఫ్ తీసి అంగీ జేబుల ఏసుకున్న.

23 జూన్, శనివారం

మొదటి బస్సుకే గట్టు పోయిన. ఆర్‌ఎంపీ తలుపు తీసే ఉన్నడు. కాళ్ల పారాణి ఇంక పోలే. నా చీటీ టేబుల్ మీద, గ్లాసు కింద ఉన్నది. నీలం స్టాండు జాగ ఖాళీ.

రాత్రి పెండ్లి నుంచి రాంగనే ఐజ నుంచి మనుషులొచ్చిండ్రట. అక్కడ తెలిసినోళ్ల క్లినిక్కుల నెలలు నిండని కాన్పు, పిల్ల సల్లగైతున్నదని ఆగమాగం. ఆటోల ఏసి పంపిండు.

చీటీ చూసినవా అన్న.

"చూసిన సారూ. కని, స్విచ్చు ఏసి చూస్తే మంచిగనే నడుస్తుండె."

అతని ఫోన్ తీసుకొని ఐజకు కొట్టిన. మోగుతున్నది, ఎత్తుతలేరు. మళ్ల కొట్టిన. ఆర్‌ఎంపీని గూడ కొట్టుకుంట ఉండమన్న.

ఐజ బస్సుల రాస్తున్న, అక్షరాలు వంకర పోతున్నయి. కటాఫ్ జేబుల ఉన్నది, స్క్రూడ్రైవర్ ఉన్నది. కండక్టరు టికెట్ ఇచ్చిండు. డ్రైవరు చాయ్ తాగి ఇప్పుడే ఎక్కిండు.