మీ చెల్లెల్ని పిలిచింది నేను కాదు

అత్తయ్యా,

నిన్న మీ సంవత్సరీకం అయిపోయింది. పిలుపుల పని ఈసారి నేను చెయ్యలేదు. అమ్మాయి నా ఫోన్లో ఏఐని పెట్టి, "నువ్వు సెప్తే సాలమ్మా, అన్నీ అదే సేస్తాది," అంది. మీ పాత ఫోన్లోని నంబర్లన్నీ తీసుకుని, అందరికీ వాట్సాప్ పంపి, వచ్చేవాళ్ల పేర్లు షీట్లో ఎక్కించి, వంటాయనకు ఆర్డరు కూడా అదే పెట్టింది. నేను టీ తాగేలోపే అయిపోయింది.

ఆ నంబర్లలో నెల్లిమర్లలో ఉన్న మీ చెల్లెలిదీ ఉంది. మీరిద్దరూ ఇరవయ్యేళ్లు మాట్లాడుకోలేదని దానికేం తెలుసు? ఆవిడ పొద్దున్న రైలుకే ఆమదాలవలసలో దిగింది. మీ ఫోటో ముందు కూర్చుని నన్నడిగింది.

"మాయక్క నా పేరెప్పుడైనా ఎత్తిందేటే?"

"లేదు చిన్నత్తా," అన్నాను.

ఆఖరి వారమంతా మీరు "దాన్నొకసారి రమ్మనవే" అని అడుగుతూనే ఉన్నారు. ఫోన్ చేశాను, రానంది అని రోజూ చెప్పాను. నేను ఒక్కసారీ చెయ్యలేదు.

మా అమ్మ ఆఖరి రోజుల్లో నన్ను చూడాలని కబురు పంపితే, మాగాయ పని ఉందని మీరు నన్ను పంపలేదు. ఆ ఏడు మాగాయ బాగా కుదిరింది.